అల్లిక బుట్టలో లేని మాట

లీడ్స్,
9 ఫిబ్రవరి 1958

నలభై ఆరేళ్లుగా రంగస్థలం మీద తలుపులు తీస్తూ, టీలు అందిస్తూ, శవాన్ని అందరికంటే ముందు చూసి కెవ్వుమంటూ కాలం గడుపుతున్న మ్యూరియల్ గాథర్‌కోల్ పెద్దమ్మ సముఖానికి,

లీడ్స్ పుస్తకశాలలో నిచ్చెన మూడో మెట్టు మీద కొలువై ఉన్న ఫీబీ సవినయంగా రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి, నాన్నకి అమ్మ నొప్పి. నాకు మాత్రం దుమ్ము వల్ల తుమ్ములు. డిగ్రీ చదివి చివరికి ఇదా నీ ఉద్యోగం అని నువ్వు ఒక్కదానివే అడగవు కనుక నీ ఒక్కదానికే ఉత్తరాలు రాస్తున్నాను.

క్రిస్మస్‌కి వచ్చినప్పుడు కళ్లజోడు మా ఇంట్లో మర్చిపోయావు. అల్మరాలో, జామ్ సీసాల వెనక దొరికింది. అక్కడికి ఎలా చేరిందో విచారణ జరిపించాను, పిల్లిని నిర్దోషిగా విడిచిపెట్టాను. దీనితోపాటు పంపుతున్నాను.

అమ్మ వెనక గది సంగతి మళ్లీ ఎత్తింది. నాన్న విత్తనాల తట్టలు బయట పడేసి అక్కడ నీకు మంచం వేయాలని పట్టుబట్టి కూర్చుంది. "అరవై ఆరేళ్లొచ్చాయి. ఇంకా ఎవరింట్లోనో అద్దెగదిలో గుడ్డు ఉడకబెట్టుకు తింటుందా మా అక్క?" అంది. "గుడ్డు ఇక్కడైనా ఉడకబెట్టుకునే తినాలిగా" అన్నాను నీ తరఫు వకీలునై. "నేననేదీ అదే" అంది. కేసు ఓడిపోయాను, క్షమించు.

ఫీబీ


సాల్ట్‌విక్,
మిసెస్ క్లెగ్ గారిల్లు,
20 ఫిబ్రవరి 1958

ఫీబీ,

కళ్లజోడు అందింది, నీ ఉత్తరమూ అందింది. రెండిట్లోకీ కళ్లజోడే నిజం చూపిస్తుంది.

మొన్న బస్సులో ఒకాయన నావైపే చూసి చూసి, చివరికి లేచి వచ్చి టోపీ తీశాడు. "మా అమ్మ చివరి రోజుల్లో మీరే కదండీ దగ్గరుండి చూసుకుంది?" అన్నాడు. యుద్ధానికి ముందు ఏదో సినిమాలో రెండు నిమిషాలు నర్సు వేషం వేశాను, ఆ ముఖం ఎక్కడో గుర్తుండిపోయి ఉంటుంది. నా బతుకంతా ఇంతే. నన్ను చూసినవాళ్లకి నేను నటినని తట్టదు, తమ పక్కింటావిడననో పోస్టాఫీసులో స్టాంపులమ్మే మనిషిననో అనుకుంటారు. ఇరవై నాలుగేళ్లప్పుడు ముఖం నిండా ముడతలు గీసుకుని అవ్వ వేషాలు వేశాను. ఇప్పుడు గీసుకునే పని తప్పింది, అంతే తేడా. ఆయనతో కాదని చెప్పలేకపోయాను. "చాలా ధైర్యంగా వెళ్లారండీ మీ అమ్మగారు" అన్నాను. కళ్లు తుడుచుకుని దిగిపోయాడు.

నీతో ఒక పని పడింది. ఇక్కడ వారానికో నాటకమని తెలుసుగా. సాయంత్రం ఒకటి ఆడుతూ, పగలు వచ్చే వారంది నేర్చుకోవాలి. చిన్న అచ్చు చదవడానికి కళ్లు మొరాయిస్తున్నాయి. నీ చేతిరాత దుకాణం మీది బోర్డులా ఉంటుంది. నా పోర్షను, అంటే నా మాటలూ వాటికి ముందు అవతలివాళ్లు అనే చివరి ముక్కా మాత్రం, పోస్టుకార్డంత అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో రాసి పంపగలవా? నా అల్లిక బుట్టలో పట్టాలి.

అమ్మకి చెప్పు, విత్తనాల తట్టలు ఎక్కడున్నవి అక్కడే బాగున్నాయని.

మ్యూరియల్ పెద్దమ్మ


లీడ్స్,
30 మార్చి 1958

లేఖక శిఖామణి ఫీబీ నుంచి పెద్దమ్మకి,

ఈ నెలలో నీ కోసం ఒక వంటమనిషిని, ఇద్దరు ఇంటి యజమానురాళ్లను, చెవిటి మేనత్తను, జోస్యం చెప్పే ఒకావిణ్ణి స్వహస్తాలతో రాశాను. నీ మాటల్లో సగం "వస్తున్నానండీ" అనే ఉన్నాయి. మిగతా సగం "టీ పెట్టమంటారా". ఈ దేశపు నాటక సాహిత్యం ఈ రెండు స్తంభాల మీద నిలబడి ఉందని నేను కాలేజీలో చదువుకోలేదు. ఫీజు తిరిగి అడుగుదామనుకుంటున్నాను.

ఒక్క సంశయం. అక్షరాలు పెద్దవి కావాలంటే పెద్ద కాగితం అడగాలి కదా. అట్టలు బుట్టలో పట్టేంత చిన్నవి ఎందుకు కావాలో, వేదిక మీదికి ఆ బుట్ట నీతో ఎందుకు వస్తుందో నేను అడగను. అడగలేదని నువ్వు గమనిస్తే చాలు.

ఫీబీ


సాల్ట్‌విక్,
17 జూన్ 1958

ప్రియమైన ఎడ్నా,

అట్టలు అందాయి. జోస్యం చెప్పే వేషానికి రాసినవి చాలా పనికొచ్చాయి, బుట్ట బదులు గాజుగోళం కింద పెట్టుకున్నాను.

ఒక మంచి కబురు. సెప్టెంబరులో "హార్కర్ గారిల్లు" అని నాటకం వేస్తున్నారు. అందులో ఏళ్లుగా వాళ్లింట్లో కొలువు చేస్తున్న మిసెస్ డ్రూ అనే పాత ఇంటి మనిషి నేను. ఇల్లు అమ్ముడై కుటుంబమంతా ఒక్కొక్కరే వెళ్లిపోతారు. చివరికి గుమ్మంలో చిన్నమ్మాయి, లోపల మిసెస్ డ్రూ మిగులుతారు. నాటకంలో చివరి మాట నాది. ఆరంటే ఆరు మాటలు. ఇన్నేళ్లలో చివరి మాట నాకెప్పుడూ ఇవ్వలేదు. అప్పటికి నేను ట్రే పట్టుకుని లోపలికి వెళ్లిపోయి ఉంటాను, లేదా నన్నెవరో విషం పెట్టి చంపి ఉంటారు.

మొన్న బస్సులో ఒకాయన నావైపే చూసి చూసి, చివరికి లేచి వచ్చి టోపీ తీశాడు. మా అమ్మ చివరి రోజుల్లో మీరే కదండీ చూసుకుంది అన్నాడు. చాలా ధైర్యంగా వెళ్లారండీ అన్నాను. కళ్లు తుడుచుకుని దిగిపోయాడు.

అమ్మకి దగ్గు తగ్గిందా? రాత్రిళ్లు కిటికీ మూసి పడుకోమను.

మ్యూరియల్


లీడ్స్,
20 జూన్ 1958

పెద్దమ్మా,

కవరు మీద నా పేరే ఉంది. లోపల అమ్మ పేరుంది. ఉత్తరం అమ్మకి చూపించలేదు.

బస్సులో ఆయన సంగతి ఫిబ్రవరిలోనే రాశావు, దాదాపు ఇవే మాటల్లో. అమ్మమ్మ పోయి ఇరవై ఏడేళ్లయింది. నేను పుట్టకముందే.

దీని మీద ఏదైనా జోకు వేద్దామని రెండు రోజులు ప్రయత్నించాను. రాలేదు. చిన్న అచ్చు చదవలేకపోవడం కాదు కదా?

ఫీబీ


సాల్ట్‌విక్,
2 జూలై 1958

ఫీబీ,

నీ ఉత్తరం పది రోజులు పక్కన పెట్టుకుని రాస్తున్నాను. దీన్ని మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ప్రతిసారీ పైన నీ పేరు సరిగ్గా రాశానో లేదో చూసుకున్నాను.

కళ్లు కాదు. నిరుడు నవంబరులో మొదలైంది. వంటమనిషి వేషంలో ఉన్నాను. "వస్తున్నానండీ" అనాలి. నువ్వు నవ్వావే, ఆ మాటే. అది రాలేదు. ఎదురుగా ఉన్న కుర్రది తెలివైంది, "వస్తున్నావా?" అని తనే అంది, తలూపాను. ఆ మర్నాడే ఊలు బుట్ట కొనుక్కున్నాను. పాత్ర ఏదైనా సరే, నా మనిషి అల్లుకుంటూనే ఉంటుంది. దొంగతనం చేసినా అల్లుకుంటూనే చేస్తుంది. మా డైరెక్టరు ఆర్మరాడ్ గారు దాన్ని "మ్యూరియల్ గారి ముద్ర" అని మెచ్చుకుంటున్నాడు. బుట్టలో ఏముందో ఆయనకి తెలియదు.

తెలిస్తే వచ్చే సీజనుకి పెట్టుకోడు. తప్పు పట్టను, వేదిక మీద మరొకరి మాట మింగేసే మనిషిని నేనైనా పెట్టుకోను. కానీ సెప్టెంబరు దాకా ఆగు. ఆ ఆరు మాటలు నన్ను అననీ. తర్వాత మీ అమ్మకి నువ్వే చెప్పు, విత్తనాల తట్టలూ బయట పడేయండి.

మిసెస్ డ్రూ పోర్షను నువ్వే రాసి పెట్టు. పుస్తకం పంపుతున్నాను. ఒక్కటి గుర్తుంచుకో. చివరి మాట రాయకూడదు. నాటకం చివరి మాటని మేం రిహార్సల్లో పలకం. ఆ చోటు రాగానే ఊరుకుంటాం, లేకపోతే "ఆ తర్వాత తెర" అంటాం. జనం ఎదుటే దాన్ని మొదటిసారి పలకాలి. ముందే పలికితే నాటకం అయిపోయినట్టే, అయిపోయినదాన్ని చూడ్డానికి ఎవరొస్తారు? నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒకతను ఎగతాళికి పలికాడు. ఆ నాటకం మొదటి రోజే ఆగిపోయింది. నవ్వితే నవ్వు, రాయకు మాత్రం. నోటితో కూడా అనుకోకు.

మ్యూరియల్ పెద్దమ్మ


లీడ్స్,
24 ఆగస్టు 1958

పెద్దమ్మా,

ఇరవై మూడు అట్టలు. అంచులకి ఊలు రంగే పూశాను, మూడో వరసలో కూర్చున్నవాళ్లకి కూడా కనబడవు. పుస్తకశాలలో మా పెద్దావిడ పట్టుకుని "ఇదేమిటి?" అంది. "జాతీయ రహస్యం" అన్నాను. ఈమధ్య నాతో మాట్లాడటం లేదు, హాయిగా ఉంది.

ఇరవై మూడో అట్ట చివర చిన్నమ్మాయి అడిగే ప్రశ్న రాసి, దాని కింద ఖాళీ ఉంచాను. నీ ఆజ్ఞ. పుస్తకంలో ఆ మాట చదివేటప్పుడు చేయి అడ్డం పెట్టుకున్నాను. పెదవులు కదిలాయేమో గానీ శబ్దం రాలేదని ప్రమాణం చేస్తున్నాను.

మొదటి రోజుకి వస్తున్నాను. అమ్మకి స్నేహితురాలి పెళ్లని చెప్పాను. లేని స్నేహితురాలికి అమ్మ ఒక టీ కుండ గుడ్డ, టీ చల్లారకుండా కప్పేది, కుట్టిస్తోంది. పాపం ఇలాగే పెరుగుతుంది.

ఫీబీ


లీడ్స్,
9 సెప్టెంబరు 1958, మంగళవారం

పెద్దమ్మా,

నాటకం కాగానే వెనక గుమ్మం దగ్గర నీ చుట్టూ జనం. నువ్వు నన్ను చూసి చేయి ఊపావు, ఆ ఊపడంలో దగ్గరికి రావద్దన్నట్టు ఉంది. రైలెక్కేశాను.

నిన్న నేను చూసింది ఇది. చిన్నమ్మాయి గుమ్మంలో నిలబడి "మీరు రారా, మిసెస్ డ్రూ?" అని అడిగింది. నువ్వు బుట్టలోకి చూశావు. ఇరవై మూడో అట్ట తీసి, తిరగేసి, వెనక వైపు చూశావు. వెనకా ఖాళీయే. ఆ అట్ట నాది. ఆ ఖాళీ నేను పెట్టిందే. నాకా మాట తెలుసు, గొంతులో ఉంది. మూడో వరసలో నుంచి అనేద్దామని నోరు తెరిచాను. అనలేకపోయాను. నువ్వు ఊలు ఒళ్లో పెట్టుకుని అలాగే దీపం వంక చూస్తూ కూర్చున్నావు. ఎంతసేపో. తర్వాత తెర పడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా పక్కనావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. ఎందుకు కొడుతున్నారో ఆ హాల్లో నాకొక్కదానికే తెలియలేదు. లేదా నాకొక్కదానికే తెలిసింది.

ఆ ఒక్క మాటా రాసి ఉంటే. ఎవరు చూస్తారు, నియమం ఎవరికి కావాలి.

ఫీబీ


సాల్ట్‌విక్,
10 సెప్టెంబరు 1958, బుధవారం

ఫీబీ,

ఏడవకు. రాయవద్దన్నది నేను. ఏడిచినా నా వంతు ఏడుపు ఏడవకు.

పత్రికలో రాసింది మిసెస్ క్లెగ్ కత్తిరించి నా టీ కప్పు కింద పెట్టింది. "మిస్ గాథర్‌కోల్ గారి ఆ చివరి మౌనంలో నలభై ఆరేళ్ల అనుభవం పండింది" అట. పండింది ఏమీ లేదు. నువ్వు తెలుసుకోవాలని రాస్తున్నాను, దీన్ని అందమైనదిగా చేసి దాచుకోకు. అది మౌనం కాదు, ఖాళీ. ప్రాంప్టరు డెస్మండ్ పక్క నుంచి మూడుసార్లు అందించాడు. వినబడింది కూడా. పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినబడింది. అది నా మాట అని తెలియలేదు. నేను దీపం వైపు చూసింది అది ఒక్కటే కదలకుండా ఉంది గనుక. తెర లాగే ఆల్ఫ్ చూసి చూసి, ఇక లాభం లేదని వదిలేశాడు.

ఇవాళ పొద్దున రొట్టెకి వెన్న రాస్తుంటే వచ్చింది. ఆరు మాటలూ, వరసగా, తప్పిపోయిన పిల్లి తిరిగొచ్చి ఏమీ జరగనట్టు కూర్చున్నట్టు. కోటు కూడా సరిగ్గా తొడుక్కోకుండా థియేటర్‌కి పరిగెత్తాను.

"ఇవాళ అంటానండీ" అన్నాను ఆర్మరాడ్ గారితో.

"ఏది?"

"చివరి మాట."

"అయ్యయ్యో, వద్దు మ్యూరియల్ గారూ. అన్నీ పాడు చేస్తారా? ఊరంతా ఆ మౌనం గురించే చెప్పుకుంటున్నారు. ఆ మాట నేను కొట్టేశాను." పుస్తకం చూపించాడు. ఎర్ర పెన్సిలుతో కొట్టేసి ఉంది, ఆరు మాటలూ. "వచ్చే సీజను మొత్తం మీరు నాతోనే ఉండాలి. కాగితం రాయిస్తున్నాను, శనివారం సంతకం పెట్టండి."

చూశావా. నాకిచ్చిన ఒకే ఒక్క చివరి మాట. మర్చిపోయినందుకు మెచ్చుకుని తీసేసుకున్నారు. తిరిగి అడగాలంటే అది నటన కాదు, మరుపు అని చెప్పాలి. చెబితే ఆ కాగితం చిరిగిపోతుంది.

మ్యూరియల్ పెద్దమ్మ


లీడ్స్,
11 సెప్టెంబరు 1958, గురువారం

పెద్దమ్మా,

చెప్పకు.

కాలేజీ నాకు నేర్పిన ఏకైక విద్య ఇది: తెలియని ప్రశ్నకి మార్కులొస్తే మాస్టారి దగ్గరికి వెళ్లి దిద్దించుకోకూడదు. సంతకం పెట్టు. వారానికో నాటకం చొప్పున అట్టలు నేను రాస్తూనే ఉంటాను. చివరి మాటలూ రాస్తాను. వెనక గది గోడకి చెమ్మ ఉంది, కిటికీలోంచి కనబడేది పక్కవాళ్ల బొగ్గు కొట్టు. అక్కడ నిన్ను ఎవరూ పక్కింటావిడ అని కూడా పొరబడరు, నిజంగానే పక్కింటావిడవైపోతావు.

ఇది జోకుగా రాద్దామనుకున్నాను. చదువుకుంటే జోకులా లేదు. కొట్టేయను.

ఒక్కటే అడుగుతాను. నువ్వు ఏది ఎంచుకున్నా ఆదివారం నాడు నాకే ముందు రాయి. కవరు లోపల కూడా నా పేరే ఉండాలి.

ఫీబీ


సాల్ట్‌విక్,
14 సెప్టెంబరు 1958, ఆదివారం

ఫీబీ,

నీ పేరే. రెండుసార్లు చూసుకున్నాను.

నిన్న మధ్యాహ్నం ఆర్మరాడ్ గారు కాగితం, కలం నా ముందు పెట్టాడు. నేను బుట్ట తీసి ఆయన బల్ల మీద బోర్లించాను. ఊలు ఉండలతోపాటు నీ ఇరవై మూడు అట్టలూ పడ్డాయి. ఒకటి తీసి చదివాడు, ఇంకొకటి తీశాడు.

"సోమవారం నాడు నేను మర్చిపోయానండీ" అన్నాను.

"లేదు, నటించారు."

"నటన ఏదో నాకు తెలుసండీ. అది కాదు."

చాలాసేపు అట్టలు సర్ది పేర్చాడు, పేకముక్కల్లా. "ఎన్నాళ్లుగా?" అన్నాడు. చెప్పాను. "ఆ మౌనాన్ని నేను నా స్నేహితులందరికీ చెప్పుకున్నాను, నేనే చేయించానని" అన్నాడు. పాపం, ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది. తర్వాత కాగితం సొరుగులో పెట్టేశాడు. కోపంగా కాదు, మెల్లగా, నిద్రపోయేవాళ్ల మీద దుప్పటి కప్పినట్టు.

"ఆరు మాటల కోసం మొత్తం సీజను వదులుకుంటారా, మ్యూరియల్ గారూ?"

"నాకిచ్చినవి అవే కదండీ."

రబ్బరు తీసుకుని ఎర్ర పెన్సిలు గీత తుడిచాడు. అది పూర్తిగా పోలేదు, మరకగా ఉండిపోయింది.

సాయంత్రం ఆల్ఫ్‌కి చెప్పాను, నేను అనేదాకా తెర వదలొద్దని. "మీరు రేపటిదాకా అనకపోయినా పట్టుకునే ఉంటాను మ్యూరియలమ్మా. నొప్పెట్టే చేతులు మాత్రం మీవి కావు, గుర్తుంచుకోండి" అన్నాడు. డెస్మండ్‌తో అన్నాను, ఆగిపోతే గట్టిగానే అందించు బాబూ, హాలంతా విన్నా సిగ్గులేదని. బుట్టలో ఒక్క అట్ట కూడా పెట్టుకోలేదు. ఊలు మాత్రమే. అంత తేలిగ్గా ఉంటుందని మర్చిపోయాను, చూడు, అది కూడా.

మధ్యలో రెండుసార్లు తడబడ్డాను. డెస్మండ్ అందించాడు. జనం విన్నారు. నేనేం చావలేదు.

చివరికి చిన్నమ్మాయి గుమ్మంలో నిలబడి అడిగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. డెస్మండ్ పుస్తకం మీదికి వంగి నోరు తెరవబోవడం నా కంటి చివర కనబడింది. ఆ మౌనంతో నాటకం అయిపోయిందనుకుని ఎదుట వరసలో ఒకాయన అప్పుడే కోటు తీసుకుని లేస్తున్నాడు. అప్పుడు అన్నాను. ఆరు మాటలూ. గొప్పగా ఏం అనలేదు, ఇంట్లో ఎలా అంటామో అలా. కోటాయన మళ్లీ కూర్చున్నాడు. ముందు వరసలో ముసలావిడ ఒకామె పక్కావిడతో, "అవునవును, ఇంటి మనిషి అలాగే చెయ్యాలి" అంది, అందరికీ వినబడేలా. తెర పడింది. సోమవారం కొట్టినంత చప్పట్లు లేవు. నాకు అవే చాలా ఎక్కువనిపించాయి.

మీ అమ్మకి చెప్పు, తట్టలు తీయించమని. చెమ్మ సంగతి చూసుకుందాం, ఇంతకంటే చెమ్మ గోడల మధ్య అవ్వ వేషం వేసుకున్నాను. లేని స్నేహితురాలి టీ కుండ గుడ్డ నాకు ఇప్పించు. నన్ను తీసుకెళ్లడానికి రావద్దు. బుధవారం ఆల్ఫ్ రైలెక్కిస్తాడు. దిగాల్సిన ఊరి పేరు కాగితం మీద రాసి కోటు జేబులో పెడతానంటున్నాడు. పెట్టనిస్తున్నాను.

ఇప్పుడిది పలికేశాను కనుక రాసినా దోషం లేదు. నా చేత్తో నేనే రాస్తున్నాను, దీంతో పంపుతున్న ఇరవై మూడో అట్ట మీద ఖాళీలో నువ్వు ఎక్కించుకో. దాచి పెట్టు. ఎప్పుడైనా నేను కిటికీ దగ్గర కూర్చుని, ఎవరి కోసమో ఏ మాట కోసమో వెతుకుతున్నట్టు కనబడితే, పక్కన నిలబడి అందించు. గుసగుసగా వద్దు. పక్కింటివాళ్ల మాటనుకుంటాను. నా పేరు పిలిచి, గట్టిగా చెప్పు:

"మీరు ముందు నడవండమ్మా. దీపం ఆర్పేసి నేనొస్తాను."